నాలుగు చాటున ఏడు

గడియారం పదకొండూ అయిదు చూపిస్తుండగా డిటెక్టివ్ రోప్‌వే కింది స్టేషను మెట్లెక్కాడు. ఊరంతా అతణ్ణి బావగారు అంటుంది. రోప్‌వే రక్షణాధికారి అతనికి స్వయానా భార్య తమ్ముడు. ఆ అధికారి ఎప్పుడో నలుగురిలో నోరుజారి "బావా" అన్నాడు. ఆ నాటి నుంచి ఆ పిలుపు ఊరి నోట ఊరేగుతోంది.

బావమరిది బతుకు కోరతాడని సామెత. ఈ బావమరిది బావ బతుకు నిండు మనసుతోనే కోరతాడు. బావ వృత్తి మూతపడాలని అంతకంటే నిండుగా కోరతాడు. ఇప్పుడు చివరి మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీకిక్కడ పనిలేదండీ. కేసు తేలిపోయింది," అన్నాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ బావను మీరనడం అతని నియమం.

"తేలినవి చూడటం నాకు సరదా. మునిగినవి ఎలాగూ నువ్వు చూసుకుంటావు."

"ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"సామాన్ల గదిలో నువ్వు తాళం వేసి కూర్చోబెట్టిన రేడియో ఇంజనీరు అమ్మాయి. తాళమైతే వేశావు గానీ ఫోను తీసుకోవడం మరిచిపోయావు."

బావమరిది జేబు తడుముకున్నాడు, ఫోను ఆమెది కాక తనది పోయినట్టు. తరువాత గొంతు సవరించుకుని కేసు అప్పజెప్పాడు. అప్పజెప్పడంలో అతనికి లోటు లేదు. చిన్నప్పుడు ఎక్కాలూ అలాగే అప్పజెప్పేవాడట. పదమూడో ఎక్కం దగ్గర తప్ప ఎక్కడా ఆగేవాడు కాదట.

కొండమీది నక్షత్రశాలకు పెద్ద దుర్భిణి ఉంది. దాని కోసం మూడేళ్ళు చేత్తో అరగదీసిన కటకం ఈ ఉదయం పైకి వెళ్ళాలి. నక్షత్రశాల కార్యదర్శి తన చేతులతో దాన్ని పెట్టెలో సర్ది, లక్కముద్ర వేసి, కింద అప్పగించి, ఎనిమిదిన్నరకే పైకి వెళ్ళి ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది గంటలకు పెట్టెను ఏడో క్యాబిన్‌లో పెట్టించి, బయటి గడియ బావమరిది స్వయంగా బిగించాడు. తొమ్మిదీ మూడుకు క్యాబిన్ కదిలింది. ఇరవై రెండు నిమిషాల ప్రయాణం. తొమ్మిదీ ఇరవై అయిదుకు పైకి చేరింది. వేసిన గడియ వేసినట్టే ఉంది. లోపల పెట్టె లేదు.

"ప్రతి క్యాబిన్ తలుపుకీ ఒక చిన్న రేడియో ఉంటుంది," అన్నాడు బావమరిది. "తలుపు తెరిస్తే ఒక కబురు, మూస్తే ఒక కబురు పంపుతుంది. అవన్నీ ఆఫీసు కంప్యూటరు చిట్టాలో పడతాయి. ఏడో క్యాబిన్ తొమ్మిదింటికి మూసుకున్నానంది. పైకి చేరేదాకా ఇంకో మాట లేదు. అంటే తలుపు తెరుచుకునైనా ఉండకూడదు, తెరుచుకున్న కబురును ఎవరైనా మింగేసైనా ఉండాలి."

"మింగింది అమ్మాయి అంటావు."

"కాకపోతే ఎవరు? దారి మధ్యలో స్తంభం ఉంది. దాని మీద కబుర్లు అందుకుని ముందుకు పంపే రిలే పెట్టె ఉంది. నిన్న సాయంత్రమే దాని పద్ధతంతా మార్చేసింది. ఇవాళ తొమ్మిదీ పద్నాలుగుకి ఆ స్తంభం మీదే ఉంది. అక్కడ క్యాబిన్లు నెమ్మదిస్తాయి. చెయ్యి చాపితే గడియ అందుతుంది. పన్నెండింటికి కార్యదర్శిగారు కిందికి వస్తారు. ఆలోగా ఒప్పుకోలు మీద సంతకం పెడితే ఉద్యోగం పోవడంతో సరి అన్నారాయన. లేకపోతే పోలీసులు."

"యాభై అయిదు నిమిషాలున్నాయి," అన్నాడు బావగారు ఉల్లాసంగా. "మీ అక్క పెళ్ళికి చీర ఎంచుకోవడానికి పట్టినంత కూడా కాదు. పద."

సామాన్ల గదిలో ఆ ఇంజనీరు గ్రీజు డబ్బా మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. తీగ లేకుండా కబుర్లు నడిపిస్తుంది కాబట్టి స్టేషనులో ఆమె పేరు తీగలేనమ్మ. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది.

"దొంగతనం చెయ్యాలనుకుంటే నేను ఇంత పద్ధతిగా చేస్తానా, బావగారూ? నా బల్ల చూడండి ఎలా ఉంటుందో."

"అదీ ఒక సాక్ష్యమే. నీ కొత్త పద్ధతేమిటో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. నాకర్థమైతే మా బావమరిదికీ అర్థమవుతుంది. కాస్త ఆలస్యంగా."

ఆమె డబ్బా దిగింది.

"కింది స్టేషనుకి కింద ఉన్న క్యాబిన్లు బాగా వినిపిస్తాయి, పైవి వినిపించవు. పై స్టేషనుకి దీనికి తలకిందులు. మధ్యనున్న రిలేకి రెండూ వినిపిస్తాయి. పాత పద్ధతిలో అది చిలకలాగా విన్న ప్రతి కబురునీ తిరిగి చెప్పేది, విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ. అందుకే చిట్టాలో ప్రతి కబురు కిందా 'మళ్ళీ చెప్పినది' అని ఇంకో వరుస పడేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ముందు అడుగుతుంది, ఎవరు ఏది వినలేదని. గాలిని బట్టి, మబ్బును బట్టి అది క్షణక్షణం మారుతుంది కదా. ఇద్దరూ వింటే నోరు మూసుకుంటుంది. కింద వాళ్ళకి ఒకటి, పై వాళ్ళకి ఇంకొకటి అందకపోతే, ఆ రెంటినీ కలిపి ఒకే కబురుగా వదులుతుంది. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు తీసేసుకుంటే, లేనిది మిగులుతుంది."

బావమరిది నొసలు ముడిపడింది. ఆమె ఆ ముడిని గమనించింది.

"చంటిపిల్లని తూకం వెయ్యాలండీ. ఒక్కదాన్నే పళ్ళెంలో పెడితే ఉండదు. తల్లి ఎత్తుకుని నిలబడుతుంది. ఇద్దరి తూకం వస్తుంది. తల్లి తూకం మనకి ముందే తెలుసు. తీసేస్తే పిల్లది."

"ఇది ముందే చెప్పొచ్చు కదా," అన్నాడు బావమరిది.

"మీరు తాళం వేసే తొందరలో ఉన్నారు."

బావగారు నవ్వాపుకుని ప్లాట్‌ఫారానికి నడిచాడు. ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు.

ప్లాట్‌ఫారం ముప్పై అడుగుల పొడవు. ఒక చివర క్యాబిన్లు తాడును పట్టుకునే చోటు. మరొక చివర ఆపరేటరు బల్ల. మధ్య నేలలో సామాను తూచే ఇనుప పలక, దాని పక్కన సూది ఉన్న గుండ్రటి ముఖం. బావగారు పలక మీద నిలబడ్డాడు. సూది ఎనభై నాలుగు దగ్గర ఆగింది. ఇంట్లో తూకానికీ దీనికీ తేడా వచ్చినందుకు కొంచెం నొచ్చుకుని దిగాడు. పలక నుంచి ఏడో క్యాబిన్ నిలిచిన గుర్తుకు నాలుగు అంగలు. ఆ గుర్తు నుంచి ఆపరేటరు బల్ల వెనకనున్న బీరువాకు పదకొండు అంగలు. రెండూ లెక్కపెట్టి నడిచాడు.

ఆపరేటరు లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు, వచ్చే నెల విశ్రాంతి. చొక్కా గుండీలు మెడదాకా, పెన్సిళ్ళు పొడవును బట్టి వరుసగా, చేతిరాత అచ్చుగుద్దినట్టు. ఒక్క తప్పు రాయని మనిషని పేరు.

"తొమ్మిదింటికి ఇక్కడ ఎవరెవరున్నారండీ?"

"నేనూ, అధికారిగారూ."

"క్యాబిన్ కదిలేదాకా ఇద్దరూ ఇక్కడే ఉన్నారా?"

"ఇద్దరం ఇక్కడే," అన్నాడు బావమరిది అడ్డుపడి. "పెట్టె మీద నుంచి నా చూపు తిప్పలేదు."

బావగారు అతని వైపు ప్రేమగా చూశాడు. "తొమ్మిదీ ఒకటికి మీ అక్క నీకు ఫోను చేసింది."

బావమరిది చూపు మెట్ల వైపు జారింది.

"మా ఇంటి నిచ్చెన తీసుకెళ్ళి మూడు నెలలైందట. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. రెండు నిమిషాలు మాట్లాడింది. మాట్లాడిందంటే మర్యాదగా చెబుతున్నాను. అన్ని మాటలూ ఆపరేటరుగారి ముందు నిలబడి పడ్డావా?"

బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. "మెట్ల దగ్గరకు వెళ్ళాను. రెండు నిమిషాలేగా, బావా." 'మీరు' కాస్తా జారిపోయింది. "అయినా తలుపు తెరిస్తే కబురు పడాలి కదా చిట్టాలో. పడలేదు."

"అదీ చూద్దాం. ఆపరేటరుగారూ, ఆ పెట్టె రవాణా చీటీ, అదే వేబిల్లు, ఒకసారి."

ఆపరేటరు అందించాడు. కార్యదర్శి పూరించిన భాగంలో సరుకు, కటకం. బరువు, పదకొండు కిలోలు. కింద కోడికాలు గీతలాంటి సంతకం. స్టేషనులో పూరించవలసిన భాగంలో తేదీ ఉంది, వేళ ఉంది, క్యాబిన్ నంబరు ఉంది. తూచిన బరువు రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

బావగారు బల్ల మీది దస్తరంలో పాత బిల్లులు తిరగేశాడు. నిన్నటివి, మొన్నటివి, గత నెలవి. ఒక పాలడబ్బా, ఒక కుర్చీ, ఒక చీపుళ్ళ కట్ట. ఒక్క గడీ ఖాళీ లేదు. చీపుళ్ళ కట్ట కూడా కిలో రెండు వందలు.

"చీపుళ్ళు తూచారు. కటకం తూచలేదా?"

"తొందరలో…" అన్నాడు ఆపరేటరు. పొడుగు పెన్సిలును తీసి పొట్టి పెన్సిళ్ళ పక్కన పెట్టాడు. అతని చేతులు అలాంటి తప్పు చేయడం బహుశా ఆ బల్ల మొదటిసారి చూసి ఉంటుంది.

పదకొండూ ఇరవైకి ఆపరేటరు బల్ల పక్కనున్న ఆఫీసు కంప్యూటరు తెర మీదికి చిట్టా వచ్చింది. బావమరిది కంప్యూటరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేరం మోపిన మనిషి దీన్ని ముట్టుకోకూడదు. రూలు."

"ముట్టుకోదు. ఆమె చెబుతుంది, నువ్వు చేస్తావు. నేరం నీ చేత్తో నువ్వే రుజువు చేసిన ఘనత నీకే దక్కుతుంది. రేపు మీ అక్కకు చెప్పుకోవచ్చు."

ఆ ఆశ పనిచేసింది. బావమరిది కుర్చీలో కూర్చున్నాడు. తీగలేనమ్మ అతని భుజం వెనక నిలబడి చేతులు వీపు వెనక కట్టుకుంది. ఉదయం నుంచి పడిన వరుసలు పైకి జరిగాయి. ఆమె చూపు ఒకచోట చిక్కుకుంది.

"ఆగండి. ఇదేమిటి? తొమ్మిది గంటలకి ఏడో క్యాబిన్ తలుపు మూసుకుంది. సరే. దాని కింద 'మళ్ళీ చెప్పినది'."

"ఉంటుందన్నావుగా," అన్నాడు బావమరిది.

"నిన్నటిదాకా. కొత్త రిలే విన్నవాడికి మళ్ళీ చెప్పదు. ఆ మూసుకున్న కబురు ఈ ఆఫీసు నేరుగా విన్నది. పైకి చెప్పాల్సి వస్తే పైకే చెబుతుంది. ఇవాళ పొద్దుటి నుంచి చూడండి, ఇంకెక్కడైనా ఆ మాట ఉందా?"

వెతికారు. లేదు. నలభై ఒక్క వరుసల్లో ఆ మాట ఒక్కచోటే ఉంది.

"అంటే దీన్ని రిలే రాయలేదు," అన్నాడు బావగారు నెమ్మదిగా. "మనిషి రాశాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి కబురు కిందా ఆ వరుస చూసి చూసి అలవాటుపడిన మనిషి. ఏవో వరుసలు చెరిపాడు. చెరిపాక సరిచూసుకున్నాడు. ఈ వరుస కింద జంట వరుస కనబడలేదు. కంగారులో మిగతా వరుసలు చూడలేదు. అయ్యో, పొరపాటున ఇదీ చెరిపేశాననుకున్నాడు. మంచివాడు కదా, తిరిగి రాసిపెట్టాడు."

ఎవరూ ఆపరేటరు వైపు చూడలేదు. చూడకపోవడమే చూడటంలా ఉంది.

"ఊహ," అన్నాడు బావమరిది. అయితే గొంతులో పదును తగ్గింది. "చెరిపినది ఏమిటో తెలియాలి కదా. చెరిపింది పోయింది."

"తొమ్మిదీ రెండు దగ్గర చూడండి," అంది తీగలేనమ్మ. "నాలుగో క్యాబిన్, పై స్టేషను, తలుపు తెరుచుకుంది. పక్కన 'విడదీసినది' అని ఉంది చూశారా? పైనున్న నాలుగు ఈ ఆఫీసుకి నేరుగా వినపడదు. రిలే కలిపి పంపినదాన్ని విడదీస్తేనే వచ్చింది. విడదీయాలంటే కలిసిన రెండోది ఈ ఆఫీసు అప్పటికే విని ఉండాలి. తల్లి తూకం తెలియకుండా పిల్ల తూకం రాదు కదండీ. మరి ఆ రెండోది ఏది? తొమ్మిదీ రెండుకి చిట్టాలో ఇంకో వరుస లేదు."

"కలిపిన కబురు ఎక్కడుంటుంది?" అన్నాడు బావగారు.

"చిట్టా అడుగున. సున్నాలూ ఒకట్లూ. చూసేవాళ్ళకి గాలి చప్పుడులా ఉంటుంది. ఎవరూ చెరపరు."

బావమరిది కాగితం తీసుకున్నాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు. మొదటి నాలుగు అంకెలు క్యాబిన్ నంబరు. అయిదోది తలుపు, ఒకటి అయితే తెరిచి, సున్నా అయితే మూసి. తొమ్మిదీ రెండుకు పడిన కలిపిన కబురు 0 0 1 1 0. దాని కింద నాలుగో క్యాబిన్ తెరిచిన కబురు 0 1 0 0 1.

"పై అంకె, కింది అంకె ఒకటే అయితే సున్నా వెయ్యండి. వేరైతే ఒకటి వెయ్యండి. అంతే."

బావమరిది నాలుక చివర పెదాల మధ్యకు వచ్చింది. పదమూడో ఎక్కం నాటి ముఖం అది. ఒక్కొక్క అంకె కింద ఒక్కొక్క అంకె వేశాడు. సున్నా. ఒకటి. ఒకటి. ఒకటి. ఆపైన తలుపు అంకె, ఒకటి.

"ఎడమ నుంచి ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి అని విలువలు," అంది ఆమె. "ఎనిమిది లేదు. నాలుగూ రెండూ ఒకటీ ఉన్నాయి."

"ఏడు," అన్నాడు బావమరిది. పెన్సిలు కింద పెట్టాడు. "ఏడో క్యాబిన్. తలుపు తెరుచుకుంది. తొమ్మిదీ రెండు."

"ఈ అమ్మాయి స్తంభం మీద ఉన్నది తొమ్మిదీ పద్నాలుగుకు," అన్నాడు బావగారు. "తొమ్మిదీ రెండుకు క్యాబిన్ ఇంకా ఈ ప్లాట్‌ఫారం మీదే ఉంది. నువ్వు మెట్ల దగ్గర నిచ్చెన గురించి తిట్లు తింటున్నావు. ఇక్కడ మిగిలింది ఒక్కరు."

తీగలేనమ్మ గ్రీజు మరకల చేతులతోనే ముఖం కప్పుకుంది. తీసేసరికి రెండు చెంపల మీదా నల్లటి వేళ్ళు. అప్పుడు మాత్రం నవ్వుతోంది.

ఆపరేటరు కుర్చీలో కూలబడలేదు, పరుగూ తీయలేదు. గుండీలు సరిచేసుకుని, బీరువా తెరిచి, పాత దస్తరాల వెనక నుంచి పెట్టెను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు. లక్కముద్ర చెక్కుచెదరలేదు.

"నేను దొంగని కాను. పిరికివాణ్ణి," అన్నాడు. "పెట్టించేటప్పుడు అధికారిగారు తొందరపెట్టారు, తూచలేదు. ఆయన అటు వెళ్ళగానే మనసాగక తలుపు తీసి పలక మీద పెట్టాను. బిల్లులో పదకొండు. సూది నాలుగు దగ్గర ఆగింది."

"నాలుగా?"

"మూడుసార్లు పెట్టాను. నాలుగే. నాలుగని రాస్తే కార్యదర్శిగారి సంతకం అబద్ధమని రాసినట్టు. పదకొండని రాస్తే నేను అబద్ధమాడినట్టు. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు రాయలేదండీ. క్యాబిన్ కదలడానికి నిమిషం ఉంది. ఏం చెయ్యాలో తెలియక దాచేసి, చిట్టాలో ఆ వరుసలు చెరిపేశాను. తరువాత చెబుదామనుకున్నాను. తరువాత ఈ అమ్మాయిని లోపల కూర్చోబెట్టారు." అతను ఆమె వైపు తిరిగాడు. "అప్పుడైనా చెప్పాల్సింది, అమ్మాయ్. గంటన్నర నా నోరు పెగల్లేదు. నువ్వు తిట్టినా పడతాను."

"తిట్టడానికి నేను అధికారిగారి అక్కనా, బాబాయ్," అంది ఆమె. కొంచెంసేపు అతని ముఖం చూసి, "తరువాత తిడతాను. ముందు తెరవనివ్వండి," అని చేర్చింది.

బావమరిది లక్క పగలగొట్టాడు. దూది. దూది కింద దూది. దాని కింద, గుండ్రంగా, తళతళలాడుతూ, నడిమిన నల్లటి పిడితో, వంటగిన్నె గాజు మూత.

మాట్లాడితే ముందు నవ్వు వస్తుందని అందరికీ తెలుసు.

"కటకం ఇక్కడ పోనేలేదు," అన్నాడు బావగారు చివరికి. "పెట్టెలోకే రాలేదు. సర్దింది కార్యదర్శి. ముద్ర వేసింది కార్యదర్శి. ఈ మూత పైకి చేరి అందరి ముందూ తెరిచి ఉంటే, దారిలో మార్చారని గోల చేసేవాడు. పెట్టే మాయమై అతనికి ఇంకా మేలు జరిగింది. ఈ అమ్మాయి చేత పన్నెండింటికల్లా సంతకం పెట్టించాలని అంత పట్టుదల ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఈ సంగతి పైకి మాత్రం…"

అప్పటికే బావమరిది ఫోను చెవి దగ్గర ఉంది. ఘనత వేడి మీద ఉన్నప్పుడే పంచుకోవడం అతని స్వభావం. "హలో, నక్షత్రశాలా? పెట్టె దొరికింది. తెరిచేశాం. కార్యదర్శిగారికి చెప్పండి."

బావగారు ఫోను లాక్కునేసరికి అవతల కాపలాదారు గొంతు నెమ్మదిగా జవాబిస్తోంది. "చెప్పనక్కర్లేదండీ. పక్కనే ఉన్నారు, విన్నారు. తోలుసంచీ తీసుకుని రెండో క్యాబిన్ ఎక్కేశారు. బరువుగా ఉందనుకుంటా, రెండు చేతులతో మోశారు."

తెర మీద వరుస పడింది. రెండో క్యాబిన్. తలుపు మూసుకుంది. పదకొండూ ముప్పై ఎనిమిది.

బావమరిది ముఖం పాలిపోయింది. "బావా, నేను…"

"పరవాలేదు," అన్నాడు బావగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పన్నెండింటికి దిగుతాడు. దొంగ తనంతట తాను, దొంగసొత్తుతో సహా, సరిగ్గా నీ కాళ్ళ ముందు దిగే కేసు నా జీవితంలో ఇదే మొదటిది. గాలిలో వేలాడేవాడు ఎక్కడికి పోతాడు? టీ ఉందా?"

ఆపరేటరు టీ పోశాడు, నాలుగు కప్పుల్లో నాలుగూ ఒకే ఎత్తుకు. పోలీసులకు ఫోను వెళ్ళింది. తీగలేనమ్మ తన బల్ల ముందు, తన కుర్చీలో, ఉదయం తరువాత మొదటిసారి కూర్చుంది. సంతకం కోసం సిద్ధంగా ఉంచిన ఒప్పుకోలు కాగితాన్ని మడిచి, టీ కప్పు కింద పెట్టుకుంది.

పదకొండూ నలభై తొమ్మిదికి తెర మీద ఇంకో వరుస పడింది.

రెండో క్యాబిన్. తలుపు తెరుచుకుంది.

"ఇప్పుడా?" అన్నాడు బావమరిది. "ఇంకా సగం దారి కూడా…"

"సరిగ్గా సగం దారి," అంది తీగలేనమ్మ. "స్తంభం. అక్కడ నెమ్మదిస్తుంది. నిచ్చెన నేల దాకా ఉంది. అవతలి వైపు అడవి దారి."

ఆమె మాట పూర్తయ్యేలోగా తెర మూల వెలుగుతున్న పచ్చచుక్క ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. పై స్టేషను కబుర్లు, స్తంభానికి పైనున్న క్యాబిన్ల కబుర్లు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రిలే మూగబోయింది, స్తంభం మీద దిగినవాడు దాని నోరు నొక్కేసినట్టుంది. పది క్యాబిన్లు, వాటిలో ఆరింటిలో మనుషులు, తాడు మీద ఉన్నారు. ఇప్పుడు పైన ఏ తలుపు తెరుచుకున్నా కింద ఎవరికీ తెలియదు.

ఆపరేటరు మీట దించి తాడు ఆపాడు.

తీగలేనమ్మ అప్పటికే గోడ మీది నడుముపట్టీ తీసి బిగించుకుంటోంది.

"పన్నెండింటికి నన్ను ఇక్కణ్ణించి పంపించేస్తానన్నారు," అంది కొక్కెం లాగి చూసుకుంటూ. "ఇంకా పదకొండు నిమిషాలున్నాయి, బావగారూ. అప్పటిదాకా ఆ స్తంభం నాదే."